ఒక మాత్ర ఎక్కువ

చిత్తూరులో జూన్ అంటే
ఊరంతా గుజ్జు ఫ్యాక్టరీల పులితీపి ఆవిరి.
మా కాలేజీ పాత చాపెల్ వెనక
ఏడు మెట్లు దిగితే వచ్చే రికార్డు గదికి మాత్రం
ఆ వాసన చేరదు.
అక్కడ కలరా ఉండలు, చెదల మందు,
తాళాల గుత్తి నడుముకు కట్టుకున్న నాదముని అన్న.

వారానికి మూడు రోజులు, రోజుకు రెండు గంటలు.
పెన్ను తేకూడదు, పెన్సిలే.
వేలు తడిచేసి పుట తిప్పకూడదు.
విద్యార్థి పరిశోధన పథకం కింద నాకిచ్చింది
నెలకు రెండు వేలు, పదహారు పెట్టెలు,
ఒక జత తెల్ల గుడ్డ తొడుగులు,
నా వేళ్లకన్నా పొడుగు.

పదకొండో పెట్టెలో నలభైమూడు కీర్తనల పుస్తకాలు.
అచ్చు ఒకటే, చేతులు వేరు.
ఒకదాని అట్టకు చీర అంచు కుట్టి ఉంది.
ఒకదాంట్లో పలమనేరు బస్సు టికెట్టు, ధర అణాల్లో.
ఒకదాంట్లో ఏ హాస్టలు పిల్లో
ప్రతి పేజీ అడుగునా "ఆకలి" అని రాసింది.
ముందు నవ్వొచ్చింది.
పదో పేజీ దగ్గర ఇక రాలేదు.

నేను లెక్కపెట్టడానికి వచ్చినదాన్ని:
ఏ రాగం ఎన్నిసార్లు, ఏ తాళం ఎన్ని.
పట్టిక బుద్ధిగా పెరుగుతూ
నూట ఎనభై ఎనిమిదో కీర్తన దగ్గర ఆగిపోయింది.
అచ్చులో "ద్రాక్షతోట".
దాని మీద అడ్డంగా పెన్సిలు గీత,
పక్కన గుండ్రటి అక్షరాలు:
"మామిడితోపు".

ద్రాక్షతోట ఆరు మాత్రలు. తకిట తకిట.
మామిడితోపు ఏడు. తకధిమి తకిట.
ఒక మాత్ర ఎక్కువ.
రాసినావిడకు ఆ సంగతి తెలుసు.
పైన "రూపకం" కొట్టేసి "చాపు" అని దిద్ది
చరణాలన్నిటి కిందా చుక్కలు పెట్టింది,
ఇక్కడ సాగదీయి, ఇక్కడ ఊపిరి తీసుకో.
ఇంకో పందొమ్మిది పుస్తకాల్లో అవే చుక్కలు,
వేరే వేరే చేతులతో చూసి ఎక్కించుకున్నవి.

ఆవిడ అని ఎందుకనుకున్నానో నాకే తెలీదు.
దొరసాని ప్రిన్సిపాల్ ఉత్తరాలు విప్పాను,
తెలుగు నేర్చుకున్న చెయ్యి, చీమల బారు.
పాటల మాస్టరు రిజిస్టరు, కాదు.
పది రోజుల తర్వాత పద్నాలుగో పెట్టె,
హాస్టలు వంట ఖర్చుల చిట్టా:
"చింతపండు రెండు వీశెలు. ఉప్పు.
మామిడికాయలు, ఊరికే ఇచ్చిరి."
అదే "మ", తోక గాల్లోకి లేచి.
అదే "డి", గుడి సగమే మూసి.
కింద: పాకియమ్మ, వంట.

విమలా సత్యానందం మేడమ్ కళ్లజోడు తీసి తుడిచారు.
"రెండక్షరాలు సాక్ష్యం కాదు కెజియా.
కావచ్చు అని రాయి."
రాశాను. కావచ్చు.
పుట అడుగున, చిన్న అక్షరాల్లో,
ఆ పిల్ల "ఆకలి" అని రాసుకున్న చోటే.

మా అమ్మ ఫ్యాక్టరీలో కాయలు కోస్తుంది.
సీజను మూడు నెలలూ సొన కారి
వేళ్ల సందులు పొక్కులు.
ఆ కీర్తన ఆమెకు పుస్తకం అక్కర్లేకుండా వచ్చు,
ద్రాక్షతోట అనే పాడుతుంది,
ద్రాక్షతోట ఎట్లుంటుందో ఎరగదు.
రాత్రి కొబ్బరినూనె రాస్తూ చెప్పాను:
అమ్మా, ఎనభై ఏళ్ల కిందట ఒకావిడ
దాన్ని మామిడితోపు చేసింది.
కాసేపు ఏమీ అనలేదు.
పెదాలు కదిలించి చూసుకుంది,
ఎక్కువైన మాత్ర దగ్గర తడబడి, మళ్లీ పట్టుకుంది.
తర్వాత అడిగింది:
"కూలి ఎంతని రాసుండాది?"

నా పట్టికలో రాగానికి గడి ఉంది.
తాళానికి ఉంది. అచ్చు సంవత్సరానికి ఉంది.

పొద్దున్నే పోయి మెట్ల మీద కూర్చున్నాను,
పద్నాలుగో పెట్టె కోసం.
నాదముని అన్న గుత్తి గలగలలాడించుకుంటూ వచ్చి
"ఇయ్యాల నీ రోజు కాదు గదమ్మే" అన్నాడు.